ఒకే పేరు - నాలుగు తరాలు

పుష్పక విమానానికి ఒక విశేషాన్ని పెద్దలు చెబుతారు. ఎందరు ఎక్కి కూర్చున్నా అందులో ఇంకొకరికి చోటు మిగిలే ఉంటుందట. కవి కల్పనకు ఎల్లలు లేవు కనుక ఆ విమానం అవసరాన్ని బట్టి తనంత తానే పెరిగింది. మానవుడు లోహంతో నిర్మించుకొన్న విమానానికి ఆ సౌలభ్యం లేదు. అందులో మరికొందరికి చోటు కల్పించాలంటే దాని దేహాన్ని పొడిగించాలి. దేహం పొడవైతే బరువు హెచ్చుతుంది. బరువు హెచ్చితే మరింత బలమైన ఇంజను కావాలి. ఇంజను పెద్దదైతే దాన్ని మోసే రెక్కనూ, నేలమీద నిలబెట్టే చక్రాల కాళ్ళనూ మార్చవలసి వస్తుంది. ఒక మార్పు వెంట పది మార్పులు నడచి వస్తాయి.

అయినప్పటికీ విమాన నిర్మాతలు ప్రతి అవసరానికీ ఒక సరికొత్త విమానాన్ని నిర్మించరు. అది వేలకోట్ల వ్యయంతో, పదేండ్ల శ్రమతో కూడిన పని. అందుచేత ఒక మూలరూపాన్ని సిద్ధం చేసుకొని, దానినే పొడిగించీ, కుదించీ, ఇంజన్లు మార్చీ అనేక రూపాంతరాలను రూపొందిస్తారు. ఇలా పుట్టిన విమానాలన్నింటినీ కలిపి ఒక కుటుంబమని వ్యవహరిస్తారు. ఇటువంటి కుటుంబాలలో మిక్కిలి ప్రసిద్ధమైనది అమెరికాకు చెందిన బోయింగ్ సంస్థ నిర్మించిన 737. అర్ధశతాబ్దానికి పైగా సాగిన దాని చరిత్రను పరిశీలిస్తే, ఒకే పేరును నిలుపుకోవడంలో ఎంత లాభముందో, ఎంత ప్రమాదముందో కూడా తెలుస్తుంది.

పుట్టుక

1960 దశకం నాటికి జెట్ విమానాలు సముద్రాలు దాటి దూరదేశాలకు ప్రయాణించడం మొదలుపెట్టాయి. కాని నాలుగైదు వందల కిలోమీటర్ల దూరంలో ఉండే చిన్న నగరాల మధ్య నడపడానికి ఆ పెద్ద విమానాలు గిట్టుబాటు కాలేదు. ఈ లోటును తీర్చడానికి ఇతర సంస్థలు అప్పటికే చిన్న జెట్ విమానాలను తయారుచేయసాగాయి. బోయింగ్ ఈ రంగంలోకి ఆలస్యంగా అడుగుపెట్టింది. 1965 ఫిబ్రవరిలో జర్మనీకి చెందిన లుఫ్తాన్సా సంస్థ మొదటి కొనుగోలుదారుగా ముందుకు రావడంతో 737 నిర్మాణం ఆరంభమయింది. 1967 ఏప్రిల్ 9న ఈ విమానం తొలిసారి గాలిలోకి లేచింది. 1968 ఫిబ్రవరిలో ప్రయాణికులను తీసుకొని వెళ్ళసాగింది.

మధ్యలో ఒకే నడవ ఉండి, దానికి రెండు ప్రక్కలా ఆసనాలుండే విమానాలను నారోబాడీ విమానాలంటారు. 737 ఈ తరగతికి చెందినదే. అంతకుముందు తాము నిర్మించిన 707 అనే పెద్ద విమానపు దేహం వెడల్పునే బోయింగ్ ఇంజనీర్లు దీనికీ స్వీకరించారు. అందువల్ల నడవకు ఒక్కొక్క వైపున మూడేసి చొప్పున వరుసకు ఆరు ఆసనాలు అమరాయి. పోటీ విమానాలలో వరుసకు ఐదే ఉండేవి. అంతే పొడవులో ఎక్కువ మందిని కూర్చోబెట్టగలగడం దీనికి లాభించింది. పోటీ విమానాలకు ఇంజన్లు తోక దగ్గర ఉండగా, దీనికి రెక్కల క్రింద అమర్చారు.

వీటికంటె ముఖ్యమైనది మరొక నిర్ణయం. విమానాన్ని నేలకు చాలా దగ్గరగా ఉండేట్లు నిర్మించారు. ఆనాటి చిన్న విమానాశ్రయాలలో ఎత్తయిన నిచ్చెనలు గాని, సామాను ఎక్కించే యంత్రాలు గాని అంతగా ఉండేవి కావు. విమానం పొట్టిగా ఉంటే పనివాళ్ళు నేలమీద నిలబడే పెట్టెలు లోపలికి అందించవచ్చు. మెకానిక్కు పీట కూడా వేసుకోకుండా ఇంజను తలుపు తెరిచి చూడవచ్చు. ఆ రోజులలో ఇంజన్లు చురుట్టలవలె సన్నగా, పొడవుగా ఉండేవి. వాటి ముందుభాగపు పంకా వ్యాసం సుమారు ఒక మీటరు మాత్రమే. కనుక రెక్క క్రింద ఉన్న కొద్దిపాటి జాగా వాటికి సరిపోయింది. ఆనాటి అవసరానికి తగిన ఈ తెలివైన నిర్ణయమే తరువాతి తరాలకు తీరని సంకటంగా పరిణమించింది.

పెరిగిన కుటుంబం

మొదటి రూపానికి 737-100 అని పేరు. దాని పొడవు 28.65 మీటర్లు. అవి 30 మాత్రమే తయారయ్యాయి. అమెరికాలోని యునైటెడ్ సంస్థ మరికొంత పెద్ద విమానాన్ని కోరడంతో సుమారు రెండు మీటర్లు పొడిగించి 737-200ను రూపొందించారు. అవి వెయ్యికి పైగా అమ్ముడుపోయాయి. మనదేశంలోని ఇండియన్ ఎయిర్‌లైన్స్ సంస్థ 1970లో ఈ రకం విమానాలనే ప్రవేశపెట్టింది.

విమానాన్ని పొడిగించే విధానం తెలుసుకోదగినది. రెక్కకు ముందుభాగంలో ఒకటి, వెనుకభాగంలో ఒకటి చొప్పున వలయాకారపు ఖండాలను దేహానికి చేరుస్తారు. ఒక ప్రక్కనే చేరిస్తే బరువు ఆ ప్రక్కకే మొగ్గుతుంది. కావడి మోసేవాడు రెండు బుట్టలలోనూ బరువును సరిచూసుకొన్నట్లుగా, ఇంజనీరు రెక్కకు ఇరువైపులా బరువును సరితూచుకోవలసి ఉంటుంది.

1984లో ఎగిరిన 737-300తో రెండవ తరం మొదలయింది. 400, 500 అనే రూపాలు దాని తోబుట్టువులు. 1997లో మూడవ తరం వచ్చింది. 600, 700, 800, 900 అనే నాలుగు రూపాలు గల ఈ తరానికి కొత్త రెక్కలు, మెరుగైన ఇంజన్లు అమరాయి. వీటిలో 189 మంది దాకా కూర్చోదగిన 800 రకం సుమారు ఐదు వేలు తయారు కాగా, అన్నింటికంటె పొట్టిదైన 600 రకం 69 మాత్రమే తయారయ్యాయి. దీనికి కారణం లేకపోలేదు. విమానం పొట్టిదైనా రెక్కలు, ఇంజన్లు, చోదకుల సంఖ్య తగ్గవు. అంటే ఖర్చు పెద్దగా తగ్గకుండానే ఆదాయం తగ్గిపోతుంది. అందువల్లనే కుదించిన రూపాలు తరచుగా విఫలం కాగా, పొడిగించిన రూపాలు రాణిస్తూ వచ్చాయి.

పొడిగించడానికి కూడా ఒక హద్దు ఉన్నది. నేలనుండి లేచేటప్పుడు విమానం ముక్కును పైకెత్తుతుంది. అప్పుడు తోక క్రిందికి దిగుతుంది. దేహం పొడవై, చక్రాల కాళ్ళు పొట్టివైతే తోక రన్‌వేకు తగిలే ప్రమాదం ఉంటుంది. 737 పుట్టుకతోనే పొట్టి కాళ్ళది. అందుకే 2021లో తొలిసారి ఎగిరిన, సుమారు 44 మీటర్ల పొడవు గల మ్యాక్స్ 10 రకానికి, నేల విడిచే సమయంలో కొంత సాగే చక్రాల కాళ్ళను ప్రత్యేకంగా అమర్చవలసి వచ్చింది.

ఒకే పేరు వలన లాభం

వైమానిక సంస్థలు ఒకే కుటుంబపు విమానాలను కోరుకోవడానికి కారణం పొదుపు. ఒక విమాన చోదకుడు ఏ విమానాన్నయినా నడిపివేయడానికి వీలులేదు. ఒక్కొక్క రకానికి ప్రత్యేక శిక్షణ పొంది, పరీక్షలో నెగ్గి, అర్హతాపత్రం సంపాదించాలి. దీనినే టైప్ రేటింగ్ అంటారు. పాత రూపానికీ కొత్త రూపానికీ తేడా స్వల్పమని భద్రతా సంస్థ అంగీకరిస్తే, పాతదానికి అర్హుడైన చోదకుడు కొద్దిపాటి బోధనతోనే కొత్తదానిని కూడా నడపవచ్చు. విడిభాగాల నిల్వలు, మరమ్మతు పరికరాలు, మెకానిక్కుల నైపుణ్యం కూడా చాలావరకు ఉమ్మడిగానే పనికివస్తాయి. 1971లో మూడు 737 విమానాలతో ప్రారంభమైన అమెరికా సంస్థ సౌత్‌వెస్ట్, తరువాతి కాలంలో వందల విమానాలు కొన్నప్పటికీ ఈ కుటుంబాన్నే అంటిపెట్టుకొని ఉండడంలోని రహస్యం ఇదే.

కొత్త రూపం పాతదానివలెనే ఉండాలన్న ఈ కోరిక నిర్మాతను కూడా బంధిస్తుంది. తేడా పెరిగితే శిక్షణ పెరుగుతుంది. శిక్షణ పెరిగితే కొనేవారు వెనుకాడుతారు. కనుక అవసరమైన మార్పును సైతం చిన్నదిగా చూపాలనే ఒత్తిడి ఏర్పడుతుంది.

ఇంజను సమస్య

జెట్ ఇంజను ముందుభాగంలో ఒక పెద్ద పంకా తిరుగుతుంది. అది పీల్చుకొన్న గాలిలో కొంతభాగం ఇంజను గర్భంలోకి పోయి ఇంధనాన్ని మండించడానికి తోడ్పడుతుంది. మిగిలిన గాలి గర్భాన్ని చుట్టి వెనుకకు పోతూ విమానాన్ని ముందుకు నెడుతుంది. కొద్ది గాలిని అతివేగంగా నెట్టడం కంటె, ఎక్కువ గాలిని మితవేగంతో నెట్టడం వల్ల ఇంధనం ఆదా అవుతుంది, చప్పుడు కూడా తగ్గుతుంది. కనుక పంకా ఎంత పెద్దదైతే అంత మేలు. విమాన ఇంజన్ల చరిత్ర యావత్తూ పంకా వ్యాసం పెరుగుతూ వచ్చిన చరిత్రే.

రెండవ తరం 737కు అమర్చిన ఇంజను పంకా వ్యాసం సుమారు 152 సెంటీమీటర్లు. పొట్టి కాళ్ళ విమానపు రెక్క క్రింద అంతటి ఇంజను పట్టడం కష్టమయింది. ఇంజనీర్లు దానిని రెక్కకు కొంత ముందుకు జరిపి, అడుగున ఉండే చిన్న యంత్రభాగాలను ప్రక్కలకు మార్చి, పైతొడుగు అడుగుభాగాన్ని చదును చేశారు. అందువల్లనే ఆ తరం విమానాన్ని ఎదుటినుండి చూస్తే ఇంజను నోరు గుండ్రంగా కాక, అడుగున అణచినట్లు కనిపిస్తుంది.

ఐరోపాకు చెందిన ఎయిర్‌బస్ సంస్థ తన ఎ320 విమానాన్ని 1987లో ఎగురవేసింది. ఇరవై ఏండ్ల తరువాత పుట్టినది కావడం చేత, అది పెద్ద ఇంజన్లకు తగినట్లు మొదటినుండీ ఎత్తుగా నిలిచింది. 2010 డిసెంబరులో ఎయిర్‌బస్ తన విమానానికి మరింత పెద్ద కొత్త ఇంజన్లను అమరుస్తున్నట్లు ప్రకటించింది. ఇంధనం ఆదా చేసే ఆ విమానాన్ని వైమానిక సంస్థలు వందల సంఖ్యలో కోరాయి. సరికొత్త విమానాన్ని నిర్మించుకొనే వ్యవధి బోయింగ్‌కు లేకపోయింది. 2011 ఆగస్టులో ఆ సంస్థ 737కే కొత్త ఇంజన్లు అమర్చడానికి నిర్ణయించింది. ఆ నాలుగవ తరానికి మ్యాక్స్ అని పేరు పెట్టారు.

దాచిన మార్పు

మ్యాక్స్‌కు అమర్చిన లీప్ ఇంజను పంకా వ్యాసం సుమారు 176 సెంటీమీటర్లు. ముందరి చక్రపు కాలును సుమారు 20 సెంటీమీటర్లు పొడిగించినా జాగా చాలలేదు. ఇంజన్లను ఇంకా ముందుకు, ఇంకా పైకి జరిపారు. దీనివల్ల ఒక కొత్త చిక్కు ఏర్పడింది. విమానం ముక్కును బాగా పైకెత్తినప్పుడు ఆ పెద్ద తొడుగులు కూడా రెక్కలవలె గాలిని పట్టి, ముక్కును మరింత పైకి లేపడానికి యత్నించేవి. ముక్కు మితిమీరి పైకి లేస్తే రెక్కమీది గాలి ప్రవాహం చెదరి, విమానాన్ని నిలిపే ఉత్థాపక బలం నశిస్తుంది.

దీనికి విరుగుడుగా ఇంజనీర్లు ఎంకాస్ అనే కంప్యూటర్ ఏర్పాటును చేర్చారు. ముక్కు మరీ పైకి లేచిందని తోచినప్పుడు, చోదకుని ప్రమేయం లేకుండానే అది తోకరెక్కను కదిపి ముక్కును క్రిందికి దించుతుంది. కొత్త విమానం చోదకుని చేతికి పాత విమానంవలెనే అనిపించాలన్నది దీని పరమార్థం. ఉద్దేశం మంచిదే. ఆచరణలో మూడు దోషాలు దొరలాయి. మొదటిది, రెక్కకు గాలి ఎదురయ్యే కోణాన్ని కొలిచే పరికరాలు విమానానికి రెండు ఉండగా, ఎంకాస్ ఒక్కదాని మాటనే నమ్మేది. రెండవది, చోదకుడు సరిదిద్దినా అది మళ్ళీ మళ్ళీ పనిచేసేది. మూడవది, అన్నింటికంటె ఘోరమైనది, అటువంటి ఏర్పాటు ఒకటి ఉన్నదని చోదకులకిచ్చిన గ్రంథాలలో చెప్పలేదు.

చెప్పకపోవడానికి కారణం విచారణలో బయటపడింది. మ్యాక్స్ చోదకులకు సిమ్యులేటర్ శిక్షణ అక్కరలేదన్నది బోయింగ్ కొనుగోలుదారులకు చేసిన వాగ్దానం. అటువంటి శిక్షణ అవసరమైతే విమానానికి పది లక్షల డాలర్ల చొప్పున తగ్గింపు ఇవ్వడానికి ఒక సంస్థతో ఒప్పందం కూడా ఉన్నదని 2020 సెప్టెంబరులో అమెరికా ప్రతినిధుల సభ సంఘం తన నివేదికలో వెల్లడించింది.

2018 అక్టోబరు 29న ఇండోనేషియాలోని జకార్తా నుండి బయలుదేరిన లయన్ ఎయిర్ విమానం కొద్ది నిమిషాలలోనే జావా సముద్రంలో కూలిపోయింది. 189 మంది మరణించారు. కోణాన్ని కొలిచే పరికరం 21 డిగ్రీలు హెచ్చుగా చూపడంతో, విమానం సవ్యంగా ఎగురుతున్నా ఎంకాస్ దాని ముక్కును పదే పదే క్రిందికి నెట్టింది. తమ విమానంతో తామే ఎందుకు పెనుగులాడవలసి వస్తున్నదో ఆ చోదకులకు తెలియలేదు. అంతకుముందు రోజే అదే విమానంలో అదే చిక్కు ఏర్పడింది. ఆనాటి చోదకులు తోకరెక్కను కదిపే విద్యుత్తును ఆపివేసి క్షేమంగా దిగారు. అయినా ఆ అనుభవంలోని పాఠం మరునాటి వారికి అందలేదు. 2019 మార్చి 10న ఇథియోపియాలోని ఆడిస్ అబాబా నుండి నైరోబీకి బయలుదేరిన మరొక మ్యాక్స్ విమానం అదే విధంగా ఆరు నిమిషాలలో కూలి 157 మంది అసువులు బాశారు. ఆ మృతులలో ఆంధ్రప్రదేశ్‌కు చెందినవారు కూడా ఒకరున్నారు. రెండు ప్రమాదాలలోనూ కలిపి 346 ప్రాణాలు గాలిలో కలిసిపోయాయి.

దిద్దుబాటు

2019 మార్చిలో భారతదేశంతో సహా ప్రపంచ దేశాలన్నీ మ్యాక్స్ విమానాలను నేలమీదనే నిలిపివేశాయి. అమెరికాలో ఆ నిషేధం 20 నెలలు సాగి 2020 నవంబరులో తొలగింది. మనదేశంలో 2021 ఆగస్టులో తొలగింది. ఈలోగా ఎంకాస్‌ను సవరించారు. ఇప్పుడది రెండు పరికరాల కొలతలనూ పోల్చి చూస్తుంది. అవి పొసగకపోతే పనిచేయదు. పనిచేసినా ఒక్కమారే చేస్తుంది, చోదకుని బలాన్ని మించదు. చోదకులకు సిమ్యులేటర్ శిక్షణను తప్పనిసరి చేశారు. తొలుత ఏ ఖర్చును తప్పించాలని చూశారో ఆ ఖర్చే చివరకు తప్పలేదు. 2021 జనవరిలో అమెరికా న్యాయశాఖతో కుదిరిన ఒప్పందం ప్రకారం బోయింగ్ 250 కోట్లకు పైగా డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది. ఇంత జరిగిన తరువాత కూడా 2024 జనవరి 5న అమెరికాలో ఒక మ్యాక్స్ 9 విమానం గాలిలో ఉండగా, వాడుకలో లేని ద్వారాన్ని మూసిన పలక ఊడిపోయింది. దానిని పట్టి ఉంచవలసిన నాలుగు బోల్టులు లేకపోవడమే కారణమని దర్యాప్తు సంస్థ తెలిపింది. అదృష్టవశాత్తు ఎవరికీ ప్రాణహాని కలుగలేదు. జాగ్రత్త అనేది ఒకసారి పాటించి ముగించే నియమం కాదని ఈ సంఘటన హెచ్చరించింది.

ఈ కథ ఎక్కడో దూరదేశానికి పరిమితమైనది కాదు. హైదరాబాదు సమీపంలోని ఆదిభట్లలో టాటా, బోయింగ్ సంస్థలు కలిసి నెలకొల్పిన కర్మాగారం 737 విమానాల నిలువు తోకరెక్కల నిర్మాణాన్ని చేపట్టింది. లీప్ ఇంజన్ల మరమ్మతు కేంద్రాన్ని ఫ్రాన్స్‌కు చెందిన సఫ్రాన్ సంస్థ హైదరాబాదులో నెలకొల్పగా, 2025 నవంబరులో దానికి ప్రారంభోత్సవం జరిగింది. అటువంటి చోట్ల బోల్టు బిగించే చేతులు, కొలత చూసే కళ్ళు, లెక్క సరిచూసే మెదళ్ళు తెలుగు యువతవి కూడా కావచ్చు.

పాతదానిని దిద్దుకొంటూ కొత్తదానిని సాధించడం నిందింపదగిన పని కాదు. భాషలు, ఇళ్ళు, పరికరాలు అన్నీ ఆ విధంగానే పెరిగాయి. 737 కూడా నాలుగు తరాలపాటు కోట్లాది ప్రయాణికులను గమ్యం చేర్చింది. చేసిన మార్పును, దానిని నమ్ముకొని ఆసనంలో కూర్చునే మనిషికి తెలియజెప్పడం నిర్మాత ధర్మం. మారినదాన్ని మారలేదని చెప్పిననాడు, పేరు ఒకటే అయినా విమానం వేరవుతుంది. ఆ తేడాను చోదకుడు తరగతి గదిలో తెలుసుకోవాలి. ఆకాశంలో తెలుసుకొనేంత వ్యవధి అతనికి ఉండదు.